ఏడో నెల, ఇన్సులిన్ మీద ఉన్నాను, ఆదివారం గ్రహణానికి పస్తుండమంటున్నారు

కృష్ణలంక_కావ్య
(సెప్టెంబర్ 4, 2025)
ఈ ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. నాకు 27వ వారం. ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసిన టెస్టులో షుగర్ బయటపడింది. తిండి మార్చినా దిగలేదని ఇన్సులిన్ పెట్టారు. పొద్దున టిఫినుకు ముందు, రాత్రి భోజనానికి ముందు వేసుకుంటున్నా.

మా అత్తయ్య లెక్క ప్రకారం సూతకం మధ్యాహ్నం 12:57కే మొదలు. గ్రహణం విడిచేది రాత్రి 1:26కి. అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. చాప మీద వెల్లకిలా పడుకుని కదలకూడదు. బాత్రూమ్‌కి వెళ్లకూడదు, గోరు గిల్లుకోకూడదు, సూది పట్టకూడదు. సూది అంటే ఇన్సులిన్ సూది కూడానట, వేలికి గుచ్చి షుగర్ చూసుకునేది కూడానట!

ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా కోసం రోజూ జొన్నరొట్టెలు కాల్చేది, సాయంత్రం పట్టుబట్టి నడిపించేది ఆవిడే. వాళ్ల ఊళ్లో ఎవరో గ్రహణం పూట కత్తిపీట పట్టుకుంటే బిడ్డ పెదవి చీలి పుట్టిందని ఆవిడ భయం. మా ఆయనేమో "ఒక్క పూటేగా, సర్దుకో" అంటున్నారు. ఇది సర్దుకునే విషయమేనా? కోపమొస్తోంది. మనసులో ఓ మూల భయం కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

మానుకోట_పిల్ల
ఇన్సులిన్ తీసుకుంటా పస్తుంటవా? గవన్నీ పక్కకు పెట్టు, ముందుగాల డాక్టరమ్మకు ఫోన్ కొట్టు. ఒక్క పూటనే గదా అనెటోళ్లకు ఏం పోయింది, కండ్లు తిరిగి పడేది నువ్వు.

రాజోలు_రాధమ్మ
నేను నలుగురిని కన్నాను. ఏ గ్రహణానికీ గది దాటలేదు, పచ్చి గంగ ముట్టలేదు. ఒక్కరికీ ఏ వంకా లేదు. పెద్దవాళ్లు ఊరికే చెప్పరమ్మా. ఒక్క రోజు మాట వింటే పోయేదేముంది?

మానుకోట_పిల్ల
రాధమ్మక్కా, నలుగురి కాన్పులప్పుడు నీకు షుగర్ ఉండెనా? ఇన్సులిన్ ఏసుకున్నవా? ఆమెది వేరే ముచ్చట.

రాజోలు_రాధమ్మ
లేదు. అప్పట్లో ఈ టెస్టులెక్కడివి.

చిట్టిగారె
మా ఇంట్లో గ్రహణమంటే ఆవకాయ జాడీకి దర్భ, నెయ్యి గిన్నెకి దర్భ, మంచినీళ్ల బిందెకి దర్భ. కడుపుతో ఉన్నప్పుడు నా పొట్ట మీద కూడా ఓ పోచ పెట్టి "ఇక నిశ్చింత, అన్నం తిను" అంది మా నాయనమ్మ. ఆవిడ దగ్గర దర్భ ఉంటే అన్నిటికీ మినహాయింపే :)

డల్లాస్_దీప
నాది కిందటేడాది ఏప్రిల్ 8 సంగతి. డల్లాస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం, నట్టమధ్యాహ్నం చీకటి పడింది. నాకప్పుడు ఐదో నెల. అమ్మ వారం ముందు నుంచీ వీడియో కాల్‌లో ఏడుపే. డాక్టర్‌ని అడిగితే "అందరికీ చెప్పేదే నీకూ. గ్రహణం కళ్లద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూడొద్దు" అంది, అంతే.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. మా ఆఫీసులో మెక్సికో అమ్మాయి, తనూ కడుపుతోనే. గ్రహణం రోజు లోపలి బట్టలకు పిన్నీసు పెట్టుకుని వచ్చింది. ఏంటని అడిగితే, పెట్టుకోకపోతే బిడ్డ పెదవి చీలుతుందని వాళ్ల అమ్మమ్మ చెప్పిందట! ఇక్కడ సూది ముట్టొద్దంటాం, వాళ్లు ఇనుప పిన్ను పెట్టుకోమంటారు. భయం మాత్రం అచ్చంగా అదే. నాకు బాబు, తనకు పాప, ఇద్దరూ బంగారాల్లా ఉన్నారు.

రాజోలు_రాధమ్మ
అదిగో, ఎక్కడో మెక్సికోలో కూడా అదే మాట ఉందంటే ఏదో నిజం ఉండబట్టే కదా?

భౌతికం_మాస్టారు
చీలిన పెదవితో బిడ్డలు అన్ని దేశాల్లోనూ పుడతారు, సుమారు 700 మందిలో ఒకరికి. గ్రహణాలూ అన్ని దేశాల్లోనూ కనిపిస్తాయి. కారణం తెలియని రోజుల్లో జనం రెంటినీ ముడిపెట్టారు, అక్కడా ఇక్కడా.

కిరణాల సంగతి ఎవరైనా ఎత్తేలోపు నేనే చెబుతాను. చంద్రుడికి సొంత వెలుగు లేదు. ఆదివారం రాత్రి 9:57కి భూమి ముదురు నీడ చంద్రుడి మీద పడడం మొదలవుతుంది, 11:01 నుంచి 12:22 దాకా పూర్తిగా నీడలో ఉంటాడు. అంటే మామూలు పున్నమి కంటే ఆ వేళ మన మీద పడే వెలుగు తక్కువే. నెలనెలా పున్నమి వెన్నెల్లో డాబా మీద కూర్చున్న గర్భిణికి కానిది నీడ పడ్డప్పుడు ఎలా అవుతుంది?

వార్డు_సిస్టర్
కావ్యా, కాన్పుల వార్డులో పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా, ఓపిగ్గా చదువు. మీ ఆయనకీ చదివించు.

ముందు పెదవి గురించి. బిడ్డ మొహం రెండు పక్కల నుంచీ మధ్యకు వచ్చి కలుసుకుంటుంది. పై పెదవి అతుక్కునేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు. అంగిలి తొమ్మిదో వారానికల్లా మూసుకుంటుంది. నీకిప్పుడు 27. నీ బిడ్డ పెదవి కలిసిపోయి నాలుగు నెలలు దాటింది. ఒకసారి కలిసిన పెదవి కత్తిపీట పట్టుకుంటే విడిపోదు. 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్, అదే బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్, చేయించి ఉంటావు కదా, ఆ రిపోర్టులో మొహం, పెదవులు చూశారో లేదో రాసి ఉంటుంది. తీసి అత్తగారికి చూపించు.

ఇప్పుడు ఇన్సులిన్. నీ రక్తంలో చక్కెర మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు పోతుంది. నీ ఇన్సులిన్ మాత్రం దాటదు. నీకు షుగర్ ఎక్కువైతే బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, దాంతో ఒళ్లు చేస్తుంది. కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కునేది ఇలాంటి బిడ్డలకే ఎక్కువ. పుట్టాక తల్లి నుంచి చక్కెర రావడం ఆగిపోతుంది, బిడ్డలో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అందుకే మొదటి గంటల్లో బిడ్డకు షుగర్ పడిపోతుంది. ఇదంతా జరక్కుండానే నీకు ఇన్సులిన్ పెట్టింది.

అది వేసుకుని తినకపోతే నీకు షుగర్ 70 కిందికి దిగుతుంది. చల్లటి చెమట, చేతుల వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి. చీకటి గదిలో చాప మీద పడుకోబెట్టి "కదలకు" అంటే, నిద్రపోతున్నావనుకుంటారు తప్ప షుగర్ పడిపోయిందని ఎవరికి తెలుస్తుంది? నా భయం అదీ.

కృష్ణలంక_కావ్య
సిస్టర్ గారూ, టిఫా రిపోర్టు ఇప్పుడే తీశాను. పై పెదవి మామూలుగా ఉందని రాశారు. నాలుగు నెలలు దాటిందన్న మాట మా ఆయనకి గట్టిగా చదివి వినిపించా. ఏమీ మాట్లాడలేదు, గ్లాసు నీళ్లు తెచ్చిచ్చారు.

మానుకోట_పిల్ల
గా నీళ్లు ఇచ్చుడే సారీ చెప్పుడు అనుకో.

గుమాస్తా_గోపి
ఒక సందేహం. ఇన్సులిన్ కూడా మానేసి, తిండి కూడా మానేస్తే సరిపోదా? రెండూ లేకపోతే పడిపోదు కదా. అత్తగారి మాటా నిలబడుతుంది.

వార్డు_సిస్టర్
గోపి గారూ, ఈ సలహా ఎవరూ ఇంట్లో ఇవ్వొద్దు. కడుపుతో ఉన్నవాళ్లకి పస్తుంటే మామూలు వాళ్ల కంటే త్వరగా ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. పొద్దున వేసుకున్న ఇన్సులిన్ పని మధ్యాహ్నం తర్వాత కూడా సాగే రకమైతే, రాత్రి డోసు మానేసినా సాయంత్రమే షుగర్ పడిపోవచ్చు. డోసు మార్చడం, మానడం డాక్టర్ నిర్ణయం.

ఇంకోటి, వెల్లకిలా పడుకోవడం. ఏడో నెల పొట్ట బరువు నడుం లోపల పెద్ద రక్తనాళం మీద పడుతుంది, తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకో. మూత్రం ఆపుకోకు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి మరీను. సెప్టెంబరు ఉక్కలో నీళ్లు తాగకపోతే పొట్ట గట్టిపడి నొప్పుల్లా వస్తాయి, అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరుగెత్తాలి.

పంతులుగారబ్బాయి
మా ఇంట్లో మూడు తరాలుగా పౌరోహిత్యం, అందుకే ఒక మాట. బాలవృద్ధాతురులకు సూతక నియమాల్లో మినహాయింపు ఉందని పంచాంగాల్లోనే వేస్తారు. ఆతురులంటే రోగులు. మందు మీద ఉన్న గర్భిణి అందులోకే వస్తుంది. మా నాన్నగారిని అడిగి మరీ రాస్తున్నా. ఆయన అన్నది: "ఆ అమ్మాయి స్పర్శ కాలానికి, అంటే గ్రహణం పట్టే వేళకి, ముందు భోంచేసి పడుకోమను. ఔషధానికి దోషం లేదు."

లెక్క చూడండి. స్పర్శ 9:57కి. కావ్య గారు రోజూ తినేది ఏడున్నర, ఎనిమిది అనుకుందాం. పడుకునే ముందు పాలో, ఏదో ఒకటో తీసుకునేది తొమ్మిదిన్నరకు. అసలు గ్రహణం ఆవిడ నిద్రపోయే వేళలోనే ఉంది! పేచీ అంతా మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టే సూతకంతోనే. అత్తయ్య గారికి ఇలా చెప్పి చూడండి, వింటారు.

చిట్టిగారె
పంతులు గారి నాన్నగారికి వెయ్యి దండాలు. ఆయన ఫోన్ నంబరు మా అత్తగారికి ఇవ్వొచ్చా?

పంతులుగారబ్బాయి
ఆదివారం ఆయనకి ఊపిరాడదు. శనివారం నిమజ్జనం, మర్నాడే గ్రహణం.

కడప_కాంతమ్మ
శ్రీకాళహస్తిలో గ్రహణం వేళ గుడి మూయరు, అభిషేకాలు చేస్తారు. మా అక్కవాళ్లది ఆ ఊరే. ఆ పూట ఊరంతా జనమే.

రాజోలు_రాధమ్మ
సరే, తినమనండి, మందు వేసుకోమనండి, నేను కాదనను. కానీ మా ఆడపడుచు కూతురు సంగతి నా కళ్లతో చూశాను. ఐదో నెలలో గ్రహణం నాడు కూరలు తరిగింది. పిల్ల పెదవి చీలే పుట్టింది. దీనికేమంటారు?

వార్డు_సిస్టర్
రాధమ్మ గారూ, ఐదో నెలంటే 17 వారాలు దాటి ఉంటుంది. పెదవి చీలిక అప్పటికే పది వారాల కిందట ఏర్పడిపోయింది. స్కాన్‌లో చూడలేదు కాబట్టి కాన్పులో తెలిసింది. మధ్యలో ఒక గ్రహణం వచ్చింది. ఆ అమ్మాయి ఆ రోజు వంకాయలు తరిగినా, తరక్కపోయినా అదే పిల్ల పుట్టేది.

బుజ్జిగాడి_అమ్మ
ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. రాధమ్మ గారి పోస్టు చదివాక ఊరుకోలేకపోయాను.

మా బుజ్జిగాడు పెదవీ అంగిలీ రెండూ చీలి పుట్టాడు. ఒళ్లోకి తీసుకోకముందే నాకు వినబడిన మాట "గ్రహణం నాడు ఏం చేశావే?" మా మామగారు పాత పంచాంగం తీసి, నాకు కడుపు నిలిచిన నెలలో, తర్వాతి నెలలో మన దగ్గర గ్రహణమే లేదని వేలు పెట్టి చూపించారు. అయినా ఆగలేదు. "అయితే చూసుకోకుండా సంధ్యవేళ బయట తిరిగుంటుంది." బారసాలకు వచ్చినవాళ్లు బిడ్డను చూసి, తర్వాత నా మొహం చూసేవాళ్లు. ఆ చూపు ఎవరికీ వద్దు.

అందరూ నేనేం చేశానని అడిగారు కానీ, వాడు పాలు ఎలా తాగుతాడని ఒక్కరూ అడగలేదు. అంగిలి చీలితే బిడ్డ రొమ్ము పట్టి పీల్చలేడు, పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. పాలు పిండి, వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో చెంప లోపలికి చుక్క చుక్కగా వదలాలి. మధ్యలో త్రేన్పు తెప్పించాలి. ఒక్కసారి పట్టడానికి గంట. ఈ పద్ధతి నేర్పింది పిల్లల వార్డులో ఒక నర్సమ్మ. ఆమె లేకపోతే వాడు బరువే పెరిగేవాడు కాదు.

ఐదో నెలలో పెదవి ఆపరేషన్, ఏడాది నిండాక అంగిలి ఆపరేషన్. ఇలాంటి పిల్లల ఆపరేషన్లకు సాయం చేసే స్మైల్ ట్రైన్ సంస్థ అండ ఉన్న హాస్పిటల్లో పైసా ఖర్చు లేకుండా చేశారు. పిల్లల కోసం ప్రభుత్వం 2013లో పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకంలో కూడా ఇది ఉంది, ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడిగితే చెబుతారు. ఆ తర్వాత మాట కోసం స్పీచ్ థెరపీ. ఇప్పుడు రెండో క్లాసు, పద్యాలు గడగడా అప్పజెబుతాడు.

రాధమ్మ గారూ, మీ ఆడపడుచు కూతురిని ఆ రోజు కూరలు తరిగావని ఎవరైనా అంటుంటే, దయచేసి మీరు ఆపండి. మీరు పెద్దవారు, మీ మాట చెల్లుతుంది.

మానుకోట_పిల్ల
అక్కా, ఏడిపించినవ్.

రాజోలు_రాధమ్మ
చదివి మనసు కలుక్కుమంది తల్లీ. ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను. మా ఊళ్లో ఆపరేషన్ చేయించుకోని పిల్లాడొకడున్నాడు, పదేళ్లుంటాయి. వాడికి ఇప్పుడైనా చేస్తారా?

బుజ్జిగాడి_అమ్మ
చేస్తారమ్మా. పెద్దవాళ్లకి కూడా చేస్తారు. వెంటనే తీసుకెళ్లమనండి.

నాన్న_కాబోతున్న_నాని
గ్రహణం కాదు సరే. మరి పెదవి ఎందుకు చీలుతుంది? మాకు రెండో నెల, అందుకే అడుగుతున్నా.

వార్డు_సిస్టర్
చాలామందిలో ఇదీ కారణమని ఒకటి వేలు పెట్టి చూపించలేం నాని గారూ. వంశంలో ఉండటం ఒకటి. తల్లి పొగతాగడం, మద్యం, గర్భానికి ముందు నుంచే అదుపులో లేని షుగర్, కొన్ని ఫిట్స్ మందులు, ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం వీటితో అవకాశం పెరుగుతుంది. ఇంట్లో సిగరెట్ తాగేది మీరైతే మీరే మానాలి, ఆ పొగ ఆవిడకీ పోతుంది. రెండో నెలంటే అన్ని అవయవాలూ రూపు కడుతున్న సమయం. జ్వరమొచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా మందుల షాపులో అడిగి బిళ్ల వేయొద్దు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే ఈ రోజే ఆపి డాక్టర్‌ని కలవండి, అది బిడ్డకు చాలా ప్రమాదం.

గుంటూరు_మిర్చి
ఫిట్స్ మందుల మాట వచ్చింది కాబట్టి. మా చెల్లి వాల్‌ప్రొయేట్ వాడేది. పెళ్లి కుదరగానే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. బిడ్డ వెన్నుకీ మెదడుకీ మంచిది కాదని నెమ్మదిగా వేరే మందుకి మార్చి, ఫోలిక్ ఆమ్లం ఎక్కువ డోసు పెట్టి, ఆ తర్వాతే పిల్లల కోసం చూడమన్నారు. ఇక్కడ ఇది చదివి ఎవరూ టపీమని మందు ఆపేయకండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే.

కడప_కాంతమ్మ
మేనరికాల సంగతి కూడా చెప్పండి సిస్టర్. మా వైపు ఇప్పటికీ మేనమామకు ఇస్తున్నారు. ఆ గండం మీద ఎవరికీ భయం లేదు, గ్రహణానికి మాత్రం తలుపులు బిగిస్తారు.

వార్డు_సిస్టర్
నిజం కాంతమ్మ గారూ. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరి దగ్గరా ఒకే లోపమున్న జన్యువు ఉండే అవకాశం ఎక్కువ, రెండూ బిడ్డలో కలిస్తే జబ్బు బయటపడుతుంది. మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ ఇలా అవదు. కానీ ఇంట్లో ఇదివరకు లోపంతో పుట్టినవాళ్లుంటే గర్భం రాకముందే జన్యు సలహా తీసుకోవాలి. వచ్చాక 11 నుంచి 14 వారాల లోపు బిడ్డ మెడ వెనక నీరు కొలిచే ఎన్‌టీ స్కాన్, తర్వాత టిఫా, రెండూ వదలకూడదు.

కృష్ణలంక_కావ్య
(సెప్టెంబర్ 6)
డాక్టర్ గారితో మాట్లాడాను. రోజూ ఎలా ఉంటావో ఆదివారమూ అలాగే ఉండు, ఒక్క పూట కూడా భోజనం తప్పించొద్దు, డోసు మార్చొద్దు అన్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టాను, అత్తయ్య విన్నారు. పంతులు గారి మాట కూడా చదివి వినిపించాను, దానికే ఎక్కువ కుదుటపడ్డారు. స్పర్శ వేళ నుంచి బయటికి వెళ్లొద్దన్నారు. సరేనన్నాను, ఆ వేళ నేనెక్కడికి వెళ్తాను?

వార్డు_సిస్టర్
మంచిది. మంచం పక్కన గ్లూకోజ్ పొడి, గ్లాసు నీళ్లు, మీటరు పెట్టుకో. వణుకు, చెమట అనిపిస్తే చూసుకో, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పొడి కలుపుకుని తాగు, 15 నిమిషాలకు మళ్లీ చూసుకో. అది గ్రహణం నట్టనడుమ అయినా సరే.

కృష్ణలంక_కావ్య
(సెప్టెంబర్ 8)
ఏడున్నరకి ఇన్సులిన్, రెండు జొన్నరొట్టెలు, బీరకాయ పెసరపప్పు. తొమ్మిదిన్నరకి పాలు. అత్తయ్యే కాచి ఇచ్చారు, అందులో దర్భ వేసి తీశారు. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నా. రెండుసార్లు బాత్రూమ్‌కి లేచా, ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున పరగడుపున 91.

చిట్టిగారె
దర్భ పాలు! మా నాయనమ్మ వింటే మురిసిపోయేది.

వార్డు_సిస్టర్
పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఇలాగే రాసి పెట్టుకో. 28 వారాలు దాటాక బిడ్డ కదలికలు రోజూ గమనించు, తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకు.

మల్లెతీగ_ముక్తేశ్వరం
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వదినకు పెళ్లికి ముందు నుంచే షుగర్, బీపీ కూడా. బిళ్లలు వాడుతుంది. ఇప్పుడు పిల్లల కోసం అనుకుంటున్నారు. ఆవిడకీ కావ్య గారి లాగే తర్వాత చూసుకుంటే సరిపోతుందా?

వార్డు_సిస్టర్
సరిపోదు, ఇప్పుడే తీసుకెళ్లు. కావ్యకి షుగర్ వచ్చేసరికి బిడ్డ అవయవాలన్నీ ఏర్పడిపోయాయి. మీ వదినకు అవి ఏర్పడేటప్పుడే షుగర్ ఉంటుంది, గుండె, వెన్నుపాము దెబ్బతినేది అప్పుడే. వెన్ను గొట్టం మూసుకునేది నెల తప్పిన రెండు వారాలకే, చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలియదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టు 6.5 లోపుకి దిగాక గర్భానికి చూడమంటారు. ఫోలిక్ ఆమ్లం ముందు నుంచే మొదలుపెట్టాలి, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ డోసు రాస్తారు. బీపీ బిళ్ల పేరు చివర "సార్టన్" అనో "ప్రిల్" అనో ఉంటే డాక్టర్ మారుస్తారు, కొలెస్ట్రాల్ బిళ్ల ఉంటే అదీ చెప్పాలి. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లమను. గర్భం వచ్చాక ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా డాక్టర్ చూస్తారు, కానీ మీ వదిన అందాకా ఆగకూడదు.

మల్లెతీగ_ముక్తేశ్వరం
టెల్మిసార్టన్ వాడుతోంది. రేపే తీసుకెళ్తా.